రేడియం జాకెట్

ఒక్లహోమా గాలికి ట్రాలీలు ఒకచోట నిలవవు. వదిలేస్తే వాటంతటవే దొర్లుకుంటూ పోయి ఎవడి కారుకో సొట్ట పెడతాయి. అందుకే డెల్మర్ ప్రూయిట్ వాటిని ఒకదానిలోకి ఒకటి దూర్చి, పొడుగాటి వరుస చేసి, నడుం వంచి సూపర్‌మార్కెట్ గుమ్మం వైపు నెట్టుకొస్తున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మెడ వెనక చర్మం ఎండకు కమిలి ముడతలు పడింది. బూడిదరంగు చొక్కా, దాని మీద చేతుల్లేని నారింజరంగు రేడియం జాకెట్. అరవై దాటాక ఈ వేషమేమిటని లోపల్లోపల అతనికి సిగ్గు. కానీ డ్యూటీలో ఉన్నంతసేపూ అది ఒంటి మీద ఉండి తీరాలని మేనేజరు ఆజ్ఞ. అంతకుముందు ఈ పని చేసినవాణ్ణి వెనక్కి వస్తున్న ట్రక్కు గుద్ది కాలు విరిచిందట.

ఆ జాకెట్ వల్ల ఒక లాభమూ లేకపోలేదు. దాని కింద, నడుం దగ్గర, అతని తండ్రి వదిలిపోయిన చిన్న రివాల్వర్ ఉంటుంది. పనివాళ్ళు ఆయుధాలు తేకూడదని స్టోరు నియమం. తెలిస్తే ఉద్యోగం పోతుంది. అయినా తెస్తాడు. అదేదో వీరత్వమని కాదు. మా ఊళ్ళో సగంమంది మగవాళ్ళు పొద్దున్నే బెల్టు పెట్టుకున్నట్టే అదీ పెట్టుకుంటారు. ఇన్నేళ్ళలో డెల్మర్ దాన్ని పాముల మీద తప్ప పేల్చి ఎరగడు.

గుమ్మం ముందు పోలీసు కారు నెమ్మదించింది. అద్దం దిగింది. లోపల కోల్, ఈమధ్యే పోలీసుల్లో చేరిన కుర్రాడు.

"ఏం పెద్దాయనా! టెక్సాస్ సరిహద్దు నుంచే కనిపిస్తున్నావ్ గదా!"

డెల్మర్ ఆగి, ఒళ్ళంతా తిప్పి, కుడిచెవి అటు పెట్టాడు. పశువుల దాణా మిల్లులో పనిచేసినన్నాళ్ళూ ఆ యంత్రాల మోతకు ఎడమచెవి పోయింది. కుడిది కూడా అంతంతమాత్రమే. ఎవరు పలకరించినా మనిషి మొత్తం వాళ్ళ వైపు తిరుగుతాడు.

"నీ కారు మీద లైటు అరువిమ్మంటే ఇవ్వనంటివి. అందుకే ఇది తొడుక్కున్నానబ్బాయ్."

కోల్ నవ్వి, చెయ్యూపి వెళ్ళిపోయాడు. రోజూ అలాగే చెయ్యూపుతాడు. కారు దిగి, దగ్గర నిలబడి మాట్లాడింది మాత్రం ఏనాడూ లేదు.

మధ్యాహ్నం విరామానికి డెల్మర్ స్టోరు వెనక్కి వెళ్ళాడు. ఖాళీ అట్టపెట్టెల పక్కన రోండా సిగరెట్ కాలుస్తోంది. మూడో కౌంటర్‌లో బిల్లులు వేస్తుంది. భర్త పోయిన మనిషి. నోరు పెద్దది, మనసూ అంతే. డెల్మరేమో నోట్లో నాలుక లేనివాడు. పెళ్ళి ఒకసారి అయింది, నిలవలేదు. పిల్లల్లేరు. అద్దె గది, టీవీ, డబ్బాలో చిక్కుడుగింజలు. ఇంతకు మించి అతని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఉన్న ఒక్క సంగతీ ఏమిటంటే, రోండా పక్కన నిలబడే ఈ కాసేపటి కోసమే అతను పొద్దున్నే లేస్తున్నాడు.

"రేపు బుధవారం. చర్చిలో భోజనాలు. మొక్కజొన్న రొట్టె నేనే చేస్తున్నా. ఈసారైనా వస్తావా?"

"చూద్దాంలే."

"చూద్దాం చూద్దాం అంటూ ఏడాది గడిపావ్. అక్కడ నిన్నెవరూ కొరుక్కు తినరయ్యా, నా రొట్టె ఉంటుందిగా."

"నాకు సగం వినపడదు రోండా. నలుగురి మధ్యా వెర్రిమొహం వేసుక్కూచోవాలి."

"నీ కుడిపక్క నేను కూర్చుంటా. ఎవరేమన్నారో చెవిలో చెప్తా. మా పాస్టరు మాటల్లో సగం పోయినా నీకొచ్చే నష్టం లేదులే."

డెల్మర్ నవ్వాడు. వస్తానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో రోండా సిగరెట్ నలిపేసి లోపలికి వెళ్ళిపోయింది. పని దిగాక చెబుదాం అనుకున్నాడు. కుడిపక్క కూర్చుంటానంది. మళ్ళీ ట్రాలీలు నెడుతున్నంతసేపూ ఆ మాటే తలుచుకున్నాడు.

మొదటి చప్పుడు అతనికి వినపడలేదు. జనం కనపడ్డారు. పిల్లల్ని చంకనేసుకుని, తలుపుల్లోంచి ఒకరినొకరు తోసుకుంటూ వస్తున్నారు. ఒకామె అతని జాకెట్ పట్టుకుని గుంజింది.

"లోపలికెళ్ళకు! కాల్చేస్తున్నాడు!"

పారిపోయి వస్తున్నవాళ్ళలో నడుముకి తుపాకులున్న మగవాళ్ళూ ఉన్నారు. లోపల ఒకాయన పిస్టల్ తీసి, పుచ్చకాయల తొట్టి వెనక చతికిలబడి, ఇక కదల్లేదు. నేను తప్పుపట్టను. వాళ్ళ కోసం ఇళ్ళ దగ్గర ఎదురుచూసేవాళ్ళుంటారు. డెల్మర్‌కి ఇంటి దగ్గర ఎవరూ లేరు. ఉన్న ఒక్క మనిషీ మూడో కౌంటర్‌లో ఉంది. ట్రాలీల వరుస వదిలేసి లోపలికి నడిచాడు.

బూడిదరంగు చొక్కా వేసుకున్న నడివయసువాడు, చేతిలో రైఫిల్. ఎందుకొచ్చాడో ఇవాళ్టికీ ఎవరికీ తెలియదు. రోండా నేలమీద పడి తొడ పట్టుకుని ఉంది. వాడు రైఫిల్ మళ్ళీ ఆమె మీదికే తిప్పుతున్నాడు. డెల్మర్ రెండుసార్లు కాల్చాడు. వాడు చూయింగ్ గమ్ అరల మీదికి కూలిపోయాడు.

ఆ మోతకు డెల్మర్‌కి మిగిలిన చెవి కూడా మూసుకుపోయింది. రోండా తొడలోంచి రక్తం ఆగకుండా వస్తోంది. కట్టడానికి చుట్టుపక్కల ఏమీ లేదు. రివాల్వర్ నేలమీద పెట్టి, జాకెట్ విప్పి, మెలితిప్పి, దాణా బస్తాలకు వేసే ముడి వేసి తొడ పైన బిగించాడు. రక్తం నెమ్మదించింది. తన గొంతు తనకే వినపడక పెద్దగా అన్నాడు:

"రేపు వస్తా! నా కుడిపక్క నువ్వే కూర్చోవాలి!"

"చచ్చినోడా, ఇప్పుడా చెప్పేది!" అంది రోండా, ఏడుస్తూనే నవ్వి. అతనికి ఆ మాట వినపడలేదు. నవ్వు కనపడింది.

అంతలో పడినవాడి చెయ్యి రైఫిల్ వైపు పాకింది. డెల్మర్ రివాల్వర్ తీసుకుని లేచి, రైఫిల్ మీద కాలు పెట్టి వాడికి ఎదురుగా నిలబడ్డాడు.

పోలీసులకు వెళ్ళిన ఫోన్లలో కాల్చేది ఒకడని కొందరు, ఇద్దరని కొందరు చెప్పారు. అందరూ చెప్పిన ఆనవాలు ఒక్కటే, బూడిదరంగు చొక్కా. అందరికంటే ముందు కోల్ వచ్చాడు. రక్తంలో ఒక ఆడమనిషి, అరల మీద ఒక మగమనిషి, తుపాకీ పట్టుకుని అటు తిరిగి నిలబడ్డ బూడిదరంగు చొక్కా. అతను చూసింది అంతే.

"తుపాకీ కింద పడెయ్! పడెయ్!"

డెల్మర్ కదల్లేదు.

"కాల్చకండి!" రోండా గొంతు చించుకుంది. "అతను మావాడే! మా డెల్మరే!"

ఆమె నోరు కదలడం డెల్మర్ ఓరగా చూశాడు. ఏదో చెబుతోంది. ఎప్పటిలాగే ఒళ్ళంతా తిప్పి, కుడిచెవి అటు పెట్టాడు. తుపాకీ ఉన్న చెయ్యి కూడా అతనితో పాటే తిరిగింది. ఆ ఆడమనిషిని కాల్చబోతున్నాడనుకున్నాడు కోల్. కాల్చేశాడు.

డెల్మర్ మోకాళ్ళ మీద కూలబడి, నెమ్మదిగా పక్కకు ఒరిగాడు. కళ్ళు రోండా మీదే ఉన్నాయి. అరవలేదు. బతికినన్నాళ్ళూ కూడా పెద్దగా చప్పుడు చేసిన మనిషి కాదు.

కోల్ దగ్గరికొచ్చి ముఖంలోకి చూశాడు. ఎక్కడో చూసినట్టుంది, ఎవరో తట్టలేదు. తర్వాత రోండా తొడకు కట్టిన నారింజరంగు గుడ్డ మీద అతని చూపు పడింది.

"పెద్దాయనా..." అన్నాడు. అక్కడే నేలమీద కూర్చుండిపోయాడు.

రోండా బతికింది. ఆ కట్టు లేకపోతే ఆంబులెన్సు వచ్చేలోపే పోయేదన్నారు డాక్టర్లు. ముడి విప్పడం వాళ్ళ తరం కాలేదు. పక్కన కత్తిరించి తీశారు. సాక్ష్యం కింద పోలీసులు పట్టుకుపోయిన ఆ జాకెట్ చాలా నెలలకు రోండా ఇంటికి తిరిగొచ్చింది. తెచ్చింది కోల్. అప్పటికే అతను ఉద్యోగం మానేశాడు. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఉతికించి తెమ్మంటారా అమ్మా?"

"వద్దులే అబ్బాయ్. అలాగే ఉండనీ."

ఇప్పుడు రోండా కర్ర ఊతతో నడుస్తుంది. బుధవారం భోజనాలకు మొక్కజొన్న రొట్టె ఆమే చేస్తుంది. తన ఎడమపక్క కుర్చీలో మాత్రం ఎవరినీ కూర్చోనివ్వదు. ఆ కుర్చీ వెనక జాకెట్ వేలాడుతూ ఉంటుంది. నారింజరంగు వెలిసిపోయింది. దాణా బస్తా ముడి ఇంకా ఎవరూ విప్పలేదు.