అడోనిస్‌కు బొజ్జ

హాలండు దేశపు హార్లెమ్ ఊళ్లో చిత్రకారుడు వైబ్రాండ్‌కు ఒక పట్టింపు ఉండేది. మనిషి ఒళ్లు ఏ కాలంలోనైనా వేసేవాడు కాని, ముఖం మాత్రం చలికాలంలో ముట్టేవాడు కాదు. ఆ వెలుతురులో అందరూ రోగుల్లా కనిపిస్తారని అతని వాదన. ఆ పట్టింపే ఇప్పుడు అతని మెడకు చుట్టుకుంది.

వేటకు బయల్దేరిన అందగాడు అడోనిస్, వెళ్లొద్దని చెయ్యి పట్టుకునే ప్రేమదేవత వీనస్. ఆ ఇద్దరి వేషాల్లో తననూ భార్యనూ వెయ్యమని జున్ను వర్తకుడు గెర్లోఫ్ కిందటి వేసవిలో పురమాయించాడు. ఆ ఊళ్లో కలిగినవాళ్లు దేవతల వేషంలో గోడకెక్కడం మామూలే. భార్య మాక్టెల్ట్ అప్పుడే వచ్చి కూర్చుంది, ఆమె ముఖం అయిపోయింది. గెర్లోఫ్‌కు తీరుబడి అయ్యేసరికి చలి వచ్చింది. "వసంతంలో రండి" అన్నాడు వైబ్రాండ్. జనవరిలో గెర్లోఫ్ పోయాడు.

ఏప్రిల్‌లో మాక్టెల్ట్ నల్లబట్టలతో వచ్చి పటం ముందు నిలబడింది. అడోనిస్ మెడ పైన ఉత్త గోధుమరంగు మచ్చ ఉంది.

"ఎవరయ్యా ఈ కుర్రాడు?"

"మీవారేనమ్మా. మెడ దాకా."

"ముప్ఫై ఏళ్లు కాపురం చేశాను. ఈ ఛాతీ నాకు తెలియకుండా ఎక్కడ దాచుకున్నారో!"

"అది రేవులో పీపాలు దించే కూలీదమ్మా" అని ఒప్పుకున్నాడు వైబ్రాండ్.

"బొజ్జ వెయ్యి" అంది ఆమె.

"అడోనిస్‌కు బొజ్జ ఉండదమ్మా! తోటి చిత్రకారులు నవ్వుతారు."

"నవ్వనీ. బతికుండగా నవ్వలేదా ఏం? ఆయన్ని చూసుకుందామని వచ్చాను కాని కూలివాణ్ణి చూడ్డానికి కాదు."

వారం రోజులు బొజ్జ వేశాడు. ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని "ఇంకొంచెం" అంటూ ఉండేది. తర్వాత వంకర మోకాళ్లు వచ్చాయి. పక్క వేలి మీదికెక్కిన కాలివేలు వచ్చింది.

"అంతా ఉన్నదున్నట్టే కావాలంటే, వీనస్‌కూ ఓ పదిహేనేళ్లు కలపనా అమ్మా?"

"నా జోలికి రాకు. నేను దేవతను."

ఇక ముఖం మిగిలింది. వైబ్రాండ్ బొగ్గుముక్క తీసుకున్నాడు.

"ముక్కు ఎలా ఉండేదమ్మా?"

"ముక్కులాగే ఉండేది."

పొడుగు ముక్కు గీశాడు. కాదంది. పొట్టిది గీశాడు. "బాగానే ఉంది, కాని ఆయన కాదు" అంది. పదకొండు కాగితాలు నేలపాలయ్యాయి. పన్నెండోది తీస్తుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు నాయనా. కాలివేళ్లు చెప్పగలిగాను. ముఖం దొరకడం లేదు. ఆయన పోయి ఇంకా మూడు నెలలే."

వైబ్రాండ్ కుంచెల వంక చూశాడు. "డిసెంబరులో వెలుతురు బాగానే ఉండిందమ్మా. నేనే పిలవలేదు."

ఆమె కాగితాలు ఒక్కొక్కటే ఏరి బల్ల మీద పెట్టింది.

అతను నెమ్మదిగా అడిగాడు. "వెనకనుంచి అయితే గుర్తుందా అమ్మా?"

"వెనకా? ఆ జుట్టు ముప్ఫై ఏళ్లు కత్తిరించింది నేనేనయ్యా!" అంది ఆమె. ఇక ఆపడం ఎవరి తరం! నడినెత్తిన బట్టతల ఎంత, దాని చుట్టూ వెంట్రుకలు ఎటు తిరుగుతాయి, ఎడమచెవి ఎంత ముందుకు వంగి ఉంటుంది, మెడ మీద మడతలెన్ని, అన్నీ తడుముకోకుండా చెప్పింది.

"అయితే అడోనిస్‌ను అడివి వైపు తిప్పేస్తాను. ఎలాగూ వేటకు పోయేవాడే."

"మరి బొజ్జ?"

"పక్కనుంచి కాస్త కనిపించేలా వేస్తాను" అన్నాడు. వారం రోజులు పడ్డ పాటు అతనికీ వదులుకోబుద్ధి కాలేదు.

మే నెలాఖరుకు పటం పూర్తయింది. ఆమె వచ్చి చూసింది. వీనస్ చెయ్యి పట్టుకునే ఉంది. అడోనిస్ బట్టతల మీద ఎండ పడి మెరుస్తోంది.

"ఏమండీ" అని పిలిచింది ఆమె పటాన్ని.

కాసేపు ఆగి వైబ్రాండ్ వైపు తిరిగింది.

"చూశావా, వినిపించుకోరు. అచ్చం ఆయనే."