పాండో డిపార్ట్‌మెంట్

ఏజెంటు మాట నమ్మి కూలికి బొలీవియా పోయిన జోసెఫ్, సరిహద్దులో పోలీసులకు దొరికిపోయాడు. “పాండో డిపార్ట్‌మెంట్ల పెట్టిన్రు. ఏదన్న ఆఫీసుల జెప్పి జల్ది ఇడిపించు” అని భార్య బాలమణికి ఫోన్ చేసి ఏడ్చాడు.

ఆమె ఖిల్లా ఘణపూర్ నుంచి బస్సెక్కి వనపర్తిలో ఒక సర్కారు ఆఫీసుకు వెళ్లింది.

“పాండో ఏ డిపార్ట్‌మెంటమ్మా? పోలీసా, ఫారెస్టా? కనుక్కొని రా” అని గుమాస్తా అర్జీ తిరిగిచ్చేశాడు. ఓపిక లేని మనిషిని సర్కారు ఏరి మరీ అలాంటి బల్ల వెనక కూర్చోబెడుతుంది.

మళ్లీ ఫోన్ వచ్చేదాకా బాలమణి ఆ అర్జీని కొంగున కట్టుకునే తిరిగింది.

“గది ఆఫీసు గాదే” అన్నాడు జోసెఫ్. “మనకు జిల్లా ఉన్నట్టు ఈడ డిపార్ట్‌మెంట్. బీచుపల్లి కాడ కృష్ణ ఉన్నట్టు ఈడొక ఏరుంది. దాటితే బ్రెజిల్.”

ఈసారి ఆమె గుమాస్తా బల్ల ముందు నుంచి కదల్లేదు. “పాండో అంటే జిల్లా, సారు. జిల్లా అని రాయుండ్రి.”

అతను రాసుకుని ముద్ర కొట్టాడు. ఆమె మెట్లు దిగుతుండగానే ఫోన్ మోగింది.

“రాసిన్రు, ముద్ర గూడ ఏసిన్రు” అంది బాలమణి.

“పొద్దుగాల మమ్ముల ఏరు దాటించి బ్రెజిల్‌ల ఇడ్సిపెట్టిన్రు” అన్నాడు జోసెఫ్. “ఈడ జిల్లాను ఏమంటరో తెల్వదు.”