తువ్వాలు కింద మైకు

మామిడి వ్యాపారంలో నేను చూడకుండా ఏ తోటా కొనలేదు. చూసి వద్దనుకున్న తోటను కొన్నది మాత్రం ఒక్కసారే. తిరువూరులో ఏడుకొండలుగారి పత్తిమిల్లు ఆవరణలో, ఆయన కొడుకు పెళ్లివిందు జరుగుతుండగా కొన్నాను. తలచుకుంటే ఇప్పటికీ చెయ్యి కడుక్కోవాలనిపిస్తుంది.

ఆ రోజు నేను వెళ్లింది పాట రికార్డు చేసుకోవడానికి. లారీలతో మద్రాసు వెళ్లినప్పుడల్లా మండీ యజమాని మేడమీద గదిలో దిగేవాణ్ని. వాళ్లబ్బాయి అక్కడ ఇంగ్లీషు రికార్డులు వేసేవాడు. సైకడెలిక్ రాక్ అంటారని అతనే చెప్పాడు. గిటారు స్వరం పొగలా సాగి, సుళ్లు తిరిగి, ఎక్కడికో పోయి మళ్లీ బయల్దేరిన చోటికే వచ్చేది. మాటలు నాకు అర్థమయ్యేవి కావు. కానీ వింటున్నంతసేపూ కాయ కుళ్లుతుందేమో, ధర పడుతుందేమో అన్న బెంగ ఉండేది కాదు. లాభం చూసుకోకుండా నేను దగ్గర పెట్టుకున్నది ఆ సంగీతం ఒక్కటే.

ఏడుకొండలుగారి అబ్బాయి కూడా మద్రాసులో చదివినవాడే. సన్నాయి మేళం చాలదని సికిందరాబాదు నుంచి ‘గ్లాస్ ఎలిఫెంట్’ అనే బృందాన్ని పిలిపించాడు. వాళ్లను నేను మద్రాసులో ఒకసారి విన్నాను. వాళ్లు రికార్డు ఎప్పుడూ వేయలేదు. గిటారు వాయించే డెంజిల్ కుటుంబంతో సహా ఆస్ట్రేలియా వెళ్లిపోతున్నాడని, ఇదే ఆఖరు కచేరీ అని పెళ్లికొడుకు చెప్పాడు. ఈ పూట పట్టుకోకపోతే ఆ సరుకు ఇక ఏ బజారులోనూ దొరకదు.

మధ్యాహ్నమే వెళ్లి డెంజిల్‌ను మర్యాదగా అడిగాను. అతను పులావు తిన్న చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ, మద్రాసులో ఎవడో ఇలాగే టేపు చేసి అమ్ముకున్నాడని, రికార్డరు డబ్బా కంటబడితే వాయించడం ఆపేస్తానని చెప్పాడు. గోళ్ల నిండా మట్టి, ఒంటి నిండా సారా కంపు. ఇంత మంచి చెట్టుకు ఇంత పురుగు పట్టిందేమిటా అనుకున్నాను.

అందుకని మద్రాసు బర్మా బజారులో కొన్న క్యాసెట్ రికార్డరును గుడ్డసంచిలో పెట్టి ఒళ్లో ఉంచుకున్నాను. మైకును కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించి, పైన తువ్వాలు కప్పాను.

అవి పూత పిందె కట్టే రోజులు. మా వైపు ఏడాది కాపుకు తోటల బేరాలన్నీ తువ్వాలు కిందే నడుస్తాయి. అమ్మేవాడు పట్టుకున్న వేళ్లను బట్టి ధర. చెయ్యి గట్టిగా నొక్కితే ఖాయం. నోటితో ఒక్క మాట ఉండదు. తువ్వాలు కప్పిన చెయ్యి అక్కడ అంగడి తెరిచినట్టే. పాట ధ్యాసలో ఆ సంగతి నాకు తట్టనే లేదు.

దీపాలు పెట్టే వేళకు మొదలుపెట్టారు. రంగు కాగితాలు అంటించిన చక్రం దీపం ముందు తిరుగుతుంటే మిల్లు గోడ మీద ఎరుపూ పచ్చా పాకాయి. భుజాల దాకా జుట్టు పెంచిన ఆ బృందాన్ని జనం కోతులాట చూసినట్టు చూశారు. ముందు వరుసవాళ్లు తాంబూలం అక్కడే ఊస్తున్నారు. “తలనీలాలు మొక్కుకున్నట్టున్నారు పాపం, కొండకి బస్సు చార్జీల్లేక ఆగారు” అని వెనకెవరో అంటే అందరూ నవ్వారు. మక్కిన పత్తిగింజల వాసన, నెయ్యి వాసన కలిసి ముక్కుకు కొడుతున్నాయి. అయినా డెంజిల్ తీగ మీటగానే అవన్నీ దూరమయ్యాయి.

మిగతావాళ్లు ఆగిపోయి గిటారు ఒక్కటే సన్నగా మిగిలిన చోట, రెడ్డిగూడెం దశరథరామయ్య వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆయన తోటలో పూతంతా తేనెమంచు పురుగు పట్టి నల్లబడింది. నేను చూసి, వద్దని చెప్పి వచ్చాను. ఆయన నా తువ్వాలు వైపు చూశాడు. ముసిముసిగా నవ్వి తన చెయ్యి లోపలికి దూర్చాడు. నెయ్యి, సున్నం అంటిన జిడ్డు చెయ్యి.

నోరు తెరిస్తే నా గొంతు టేపులో పడుతుంది. చెయ్యి లాక్కుంటే మైకు జారుతుంది. రెండో చెయ్యి సంచిని పట్టుకుని ఉంది. కళ్లతో వద్దన్నాను. కొనదలచిన ప్రతివాడూ ముందు వద్దనే అంటాడు కనుక ఆయన మరీ ఉత్సాహపడ్డాడు. ఖాళీగా ఉన్న నా మూడు వేళ్లూ పట్టాడు. విదిలించుకోబోయి ఒకటి మడిచాను. ఆయన పెదవి విరిచి మళ్లీ మూడూ పట్టాడు. మళ్లీ ఒకటి మడిచాను. ఈసారి విదిలించుకోవడానికి కాదు. అలవాటుపడ్డ చెయ్యి నన్ను అడగకుండానే ధర తగ్గిస్తోంది.

అంతలో గిటారు ఒక్కసారిగా పైకి లేచింది. ఒళ్లు ఝల్లుమంది. నాకు తెలియకుండానే చెయ్యి బిగిసింది.

దశరథరామయ్య కూడా అంతే గట్టిగా నొక్కాడు. చివరి స్వరం ఇంకా గాలిలో ఉండగానే తువ్వాలు దగ్గరికి వంగి, “ఖాయమండీ అంకారావుగారూ. తోట మీది. పాటలో పడి కూడా బేరం వదల్లేదు, అమ్మో మీరు” అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, నా కాళ్ల పక్కనే ఊశాడు.

నేను కాదనగలిగేవాణ్నే. తువ్వాలు కింద బేరానికి సాక్షి ఉండడు. కానీ నొక్కిన చేతిని కాదన్నవాడికి మళ్లీ ఎవరూ చెయ్యి అందించరు. ఒక తోటలో డబ్బు పోవడం మేలా, వ్యాపారమే పోవడం మేలా అని చూసుకున్నాను. మర్నాడే వెళ్లి బయానా ఇచ్చాను. ఆ వేసవి అక్కడ దిగిన కాయ కోత కూలికి కూడా రాలేదు.

మా ఆవిడ ప్రమీలారాణి టేపంతా శ్రద్ధగా వింది. “గిటారు బాగుందండీ. ఆ ఊసిన చప్పుడొక్కటి తీసెయ్యడం కుదరదా?” అంది. కుదరదు. అది తీస్తే కింద ఉన్న స్వరం కూడా పోతుంది.

మరుసటి ఏడు దశరథరామయ్య బంధువులను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. తన గొంతు డబ్బాలో పడిందని ఎవరో చెప్పారట. కాఫీలు ఇచ్చి టేపు వేశాను. డెంజిల్ వాయిస్తున్నంతసేపూ వాళ్లు ఎరువుల ధర గురించి మాట్లాడుకున్నారు. గిటారు పైకి లేచే చోట ఒకాయన పిల్ల సంబంధం సంగతి ఎత్తాడు. “ఖాయమండీ” అన్న మాట రాగానే కబుర్లు కట్టిపెట్టి అందరూ డబ్బా మీదికి వంగారు. ఊసిన చప్పుడు కూడా చెవులు రిక్కించి విన్నారు.

“ఇంకోసారి వెయ్యండి బాబూ,” అన్నాడు దశరథరామయ్య, కాఫీ గ్లాసు నా రికార్డరు మీద పెడుతూ. “ముందున్న ఆ గోలంతా వద్దు. మాట దగ్గర్నుంచి వెయ్యండి.”