చీపురుపుల్ల కొలత

పొద్దున్నే అంగడి ఊడ్చేటప్పుడు చీపురులోంచి పుల్లలు రాలితే మా ఆయన నంజుండప్ప పారేయనివ్వడు. "పుల్లే గదే మన తక్కెడ" అంటాడు. కేజీఎఫ్‌లో, ఆండర్సన్‌పేటలో మాది చెప్పుల అంగడి. అంగడికి ఆడవాళ్ళు రావడం తక్కువ, వాళ్ళ కొలతలే వస్తాయి. పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషి కాలు చాపితే, మడమ నుంచి బొటనవేలి దాకా చీపురుపుల్ల పెట్టి విరిచి, మగమనిషి జేబులో వేసుకుని వస్తాడు. బంగారు గనులు నడిచిన రోజుల్లో పనివాళ్ళు షిఫ్టుకు పోతూ ఆ పుల్ల మా మామ చేతికిచ్చేవారట. గనులు మూతపడ్డాయి గానీ పుల్ల ఆగలేదు.

నా పెళ్ళి చెప్పులూ అలాగే వచ్చాయి. కొలిచింది మా అత్త పిల్లమ్మ. ఐదో నెంబరు. అప్పటి నుంచీ నాకు ఐదే. నా నడక మీద మాటలు కూడా అప్పటి నుంచే. "నత్తకైనా ఇంత నిదానం ఉండదు" అని అత్త. "దీన్ని తోడు తీసుకపోతే పెండ్లికని బయల్దేరి తొట్టెల పండక్కు చేరతాము" అని ఆయన. నేనూ నమ్మాను. పదిమంది ఒక సరుకు కదలదంటే వ్యాపారి కూడా దాన్ని కింది అరలోకి తోసేస్తాడు. నన్ను నేను అలాగే తోసుకున్నాను.

తన కాలు తనే తీసుకొచ్చిన మనిషి క్లారా, ఆస్పత్రిలో నర్సు. ఆదివారం ఆవని కొండ మీద పరుగుపందెం పెడుతున్నారు, బూట్లు కావాలంటూ పొద్దున్నే వచ్చింది. తొలి బేరం వదులుకోకూడదు గానీ, తిప్పి పంపాను. "డ్యూటీ ముగించుకోని సాయంత్రం రామ్మా. అప్పటికి కాలు ఉబ్బి ఉంటాది. పరిగెత్తే రోజు వేసుకునే మేజోళ్ళే తెచ్చుకో."

సాయంత్రం నిలబెట్టి కొలిచాను. వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పు చోటు, మడమ దగ్గర గట్టి పట్టు, బండ మీద జారని గరుకు అడుగు. అంగడి ముందరి వాలు మీద నడిపించి చూశాను. "దిగేటప్పుడు వేళ్ళు ముందుకు కొట్టుకుంటే ఆ బూటు నీది కాదు."

"ఇంత తెలిసినదానివి, నీ మడమ యాడ ఉండాది అక్కా?" అంది.

చూసుకున్నాను. చెప్పు అయిపోయిన తరవాత కూడా నా పాదం ఇంకా ఉంది.

ఈసారి తను నన్ను నిలబెట్టి కొలిచింది. ఏడు.

మా ఆయన పకపకా నవ్వాడు. "ఆడదానికి ఏడా! అది మొగోళ్ళ నెంబరు గదే."

వెనక అరుగు మీది నుంచి అత్త తీరిగ్గా చెప్పింది. "పుల్ల నేనే రవ్వంత తుంచినా. కోడలిది పెద్ద పాదమంటే ఊళ్ళో నవ్వరా?"

కోపం రావలసింది. ఆపుకోలేనంత నవ్వొచ్చింది. ఇన్నేళ్ళూ నా బద్ధకమని అందరూ పేరు పెట్టింది ఒక గోరంత పుల్లముక్కకా! మగవాళ్ళ వరసలోంచి ఏడో నెంబరు పరుగు బూట్లు దించి వేసుకున్నాను. ఐదు వేళ్ళూ ఒకదాన్నొకటి తొక్కకుండా కూర్చున్నాయి. వాలు దిగాను, ఎక్కాను, ఊరికే ఇంకోసారి దిగాను.

"అమ్మే సరుకే అది" అన్నాడాయన.

"అమ్మినాను గదా. నాకే."

"పందెంలో నడిచేవాళ్ళ వరస కూడా ఉండాది, రా అక్కా" అంది క్లారా.

"ఇదా, కొండకా? అందరి వెనకాల పడి నా మానం తీస్తాది" అన్నాడాయన.

"అయితే మీరూ రాండి. వెనకాల ఎవరు పడతారో చూస్తాం" అన్నాను.

ఆదివారం ఆవని కొండ మీద గాలి చీరకొంగును జెండా చేసింది. క్లారా ఎప్పుడో పరుగువాళ్ళతో మాయమైంది. బండ మీద అడుగు వేస్తే వేసినచోటే నిలుస్తోంది. ఒకరిని దాటాను, ఇంకొకరిని దాటాను, తరవాత చూడడం మానేశాను. మా ఆయన నా మాట వినక, పెళ్ళిళ్ళకు వేసుకునే నల్ల తోలు బూట్లతో వచ్చాడు. దిగుడు మొదలయ్యాక వెనక నుంచి కేక.

"మెల్లగా పోవే గంగూ! నా వేళ్ళు పోతుండాయి!"

ఆ కేక ఇంకోసారి వినాలనిపించి రెండడుగులు వేసి, ఆగాను. ఆయన బండ మీద కూలబడి బూట్లు విప్పుకున్నాడు.

"సాయంత్రం అంగడికి రాండి, మిమ్మల్నీ నిలబెట్టి కొలుస్తా. ఇంగ రేపటి నుంచి పుల్ల తెచ్చినోళ్ళకు చెప్పుల్లేవు. ఆడమనిషినే రమ్మంటాను."

"బేరాలు పోతాయే!"

"యాడికి పోతాయి? ఊళ్ళో ఆడోళ్ళందరివీ కూర్చోబెట్టి పుల్లతో కొలిచిన తక్కువ నెంబర్లే. అందరూ మళ్ళీ కొనాల."

ఆయన నోరు తెరిచి ఆ లెక్క వేసుకుంటూ ఉండగా, నేను పరుగందుకున్నాను.