రెండు తాళాలు వేసిన సైకిలు

ఎవరి సైకిలు పోయినా "చేతకాని మనుషులు" అని తీసిపారేసేవాడు నర్సు మొగుడు. ఫర్నిచర్ షాపులో కుర్చీలమ్ముకునే మనిషి, తాళాల దగ్గరికొచ్చేసరికి పెద్ద పండితుడు. ఆమె తమ్ముడూ ఏమీ తక్కువ తినలేదు. అక్క ఇంట్లో తింటూ ఫోన్లు బాగుచేసుకునే ఆ మహానుభావుడు బావకి తాళాల్లో రకాలు నేర్పబోయాడు. మాటామాటా పెరిగి ఇద్దరికీ మాటల్లేకుండా పోయాయి. ఒకరికొకరు ఏం చెప్పుకోవాలన్నా మధ్యలో ఆమే. సిగ్గులేని జన్మలు.

మెట్ల కింద రెండు సైకిళ్లుండేవి, ఒకటి ఆమెది, ఒకటి తమ్ముడిది. మంచం పట్టినవాళ్ల ఇళ్లకెళ్లి కట్లు మార్చడం ఆమె పని. సొంత బండి లేనివాళ్లని ఆఫీసు ఉంచుకోదు. "నీ సైకిలు బాధ్యత నాది" అని మొగుడు జబ్బలు చరుచుకుని, రోజూ తనే దాన్ని మెట్ల ఇనుప ఊచకి కట్టేవాడు.

ఒక పొద్దున చూస్తే మెట్ల కింద ఖాళీ. రెండు సైకిళ్లూ లేవు. ఊచ మీద గీతైనా పడలేదు.

ఇద్దర్నీ నిలబెట్టి అడిగితే నిజం బయటపడింది. రాత్రి ముందొచ్చిన తమ్ముడు, అక్క సైకిలు బావ ఊచకి కట్టేసే ఉంటాడని, తనదాన్ని దానికి కలిపి తాళం వేశాడు. తర్వాతొచ్చిన మొగుడు, బావమరిది తాళం ఊచకే ఉందనుకుని, రెండు సైకిళ్లకీ కలిపి గొలుసు బిగించాడు. వంగి చూసే ఓపిక లేదు, ఒక్క మాట అడగడానికి పౌరుషం. ఊచకి ఎవడూ కట్టలేదు. దొంగ జంటగా ఎత్తుకుపోయాడు.

"గొలుసు మాత్రం తెగలేదు, చూశావా? ముక్కైనా పడలేదు" అన్నాడు మొగుడు.

"నా తాళమూ తెగలేదని చెప్పక్కా" అన్నాడు తమ్ముడు.

ఆమెకి ఏడుపు రాలేదు, అసహ్యమేసింది. ఆ రోజు ఇళ్లన్నీ నడిచే తిరిగింది. పెద్ద నర్సు జాలిపడి తన పాత సైకిలిచ్చి, "ఇదీ పోతే ఇక పనిలోకి రాకు" అంది.

దాన్ని భుజానేసుకుని ఇంటిదాకా మూడంతస్తులూ ఎక్కింది. "కిందే పెట్టు, నేను చూసుకుంటాగా" అంటూ మొగుడు ఎదురొచ్చాడు. ఆమె అతని మంచం ఎత్తి గోడకానించి, ఆ చోట్లో సైకిలు నిలబెట్టింది.

"మరి నేనెక్కడ పడుకోవాలి?"

"ఇది లేకపోతే నా ఉద్యోగం పోతుంది. మీరు లేకపోతే ఏం పోతుందో పొద్దుటి నుంచీ ఆలోచిస్తున్నా, ఏదీ తట్టడం లేదు."