ముందొచ్చి వెనక వెళ్లేవాడు

నాలుగో మేకు కంకరలోకి దిగనని మొండికేసింది. అంతోని దాన్ని పీకి, జానెడు అవతల పెట్టి మళ్లీ సమ్మెట ఎత్తాడు. సన్నటి మనిషి. మెడ వెనక చర్మం ఎండకు కమిలి ముడతలు పడింది. తాళ్లు లాగి లాగి వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. మధ్యాహ్నం బందరు రోడ్డు మీద పెద్ద మంత్రిగారి కాన్వాయ్ వెళ్తుంది. కాపలా కాసే పోలీసులకు ఎండ తగలకూడదు కదా, అందుకని పొద్దున్నే ఈ షామియానా.

గుడ్డ పైకి లేచాక అలవాటుగా తలెత్తి చూశాడు. నడిమధ్య చిరుగు మీద ఎర్రదారంతో దగ్గర దగ్గరగా వేసిన కుట్లు. అవి అతని భార్య శౌరమ్మ వేసినవి. టెంట్‌హౌస్‌లో ఉన్న గుడ్డలన్నిటి మీదా ఆమె అతుకులే. బెజవాడలో ఎంతమంది ఆ అతుకుల కింద కూర్చుని పెళ్లి భోజనాలు చేశారో! తలెత్తి చూసినవాడు ఒక్కడుండడు.

"బాబాయ్, ఇక్కడ ఎండ కొడుతోంది. కాస్త ఇటు లాగు," అన్నాడు కానిస్టేబుల్ పవన్‌కుమార్, కుర్చీలోంచి లేవకుండా.

అంతోని లాగాడు. లాగమంటే లాగడమే అతని బతుకంతా. పామర్రు దగ్గర పల్లెలో కోతలకు పోయేవాడు. కోతమిషన్లు దిగాక విజయవాడ వచ్చి వెంకటసుబ్బారావు గారి టెంట్‌హౌస్‌లో చేరాడు. గుణదల మాత తిరునాళ్లలో పందిళ్లు వేస్తూ, అక్కడ పూలదండలు కుట్టే శౌరమ్మను చూసి పెళ్లి చేసుకున్నాడు. పిల్లలు కలగలేదు. ఒకరికొకరే మిగిలారు.

షామియానా వేసినవాడు వేసి వెళ్లిపోతే కుదరదు. కృష్ణ మీది గాలి లేచిందంటే తాళ్లు బిగించాలి. జనం లేచాక కుర్చీలు పోకుండా చూసుకోవాలి. పెళ్లయినా, దినమైనా, అలంకార్ సెంటర్ ధర్నా చౌక్‌లో నిరాహారదీక్షయినా అందరికంటే ముందొచ్చేదీ, అందరి వెనక వెళ్లేదీ అంతోనే. అంగన్‌వాడీ టీచర్లు, కౌలురైతులు, ఆటోవాళ్లు, ఎవరు రోడ్డెక్కినా ముందు నీడ కావాలి. నీడ కావాలంటే అంతోనికి ఫోను చెయ్యాలి.

ఈ రోజు మాత్రం ఆగలేక, తాళ్లు చూసుకోమని పవన్‌కుమార్‌కు చెప్పి బందరు రోడ్డు నుంచి ఆస్పత్రికి వెళ్లాడు. నెల నుంచి అతని రాత్రులన్నీ అక్కడే. శౌరమ్మ మొహం పాలిపోయి ఉంది. అన్ని అతుకులు కుట్టిన ఆ వేళ్లు దుప్పటి అంచును తడుముతున్నాయి.

"ఒంట్లో రక్తం బొత్తిగా లేదు. ఈ గ్రూపు మా దగ్గర లేదు," అంది నర్సు, ఆమె రక్తం పట్టిన చిన్న సీసా అతని చేతికిస్తూ. "ఇది పట్టుకెళ్లి టౌన్లో బ్లడ్ బ్యాంకులో ఇస్తే సరిచూసి ఇస్తారు. మధ్యాహ్నానికల్లా ఎక్కించాలి. ఆలస్యం చేస్తే మనిషి దక్కదు."

"తొందరగా వచ్చెయ్యి అయ్యా," అంది శౌరమ్మ. పక్క మంచం దగ్గరున్న అమలమ్మకు అప్పగించి, సీసాను చొక్కా జేబులో పెట్టుకుని బయల్దేరాడు. గేటు దాటుతుండగా ఫోను మోగింది. పవన్‌కుమార్.

"బాబాయ్, ఒకసారి స్టేషన్‌కి రా. సీఐ గారు పిలుస్తున్నారు."

టెంటు పనేమో అనుకున్నాడు. స్టేషన్ ఎలాగూ దారిలోనే ఉంది. పోలీసులు పిలిస్తే పనికే పిలుస్తారనుకునే అమాయకుడు, తనంతట తనే నడిచి లోపలికి వెళ్లాడు.

జేబుల్లో ఉన్నవన్నీ తీయించారు. ఫోను, జపమాల, సీసా. ఫోను ఆపేసి, మూడింటినీ ఒక ప్లాస్టిక్ కుర్చీలో పెట్టారు. ఆ కుర్చీ వీపున 'వెంకటసుబ్బారావు టెంట్‌హౌస్' అని అంతోని చేత్తో వేసిన అక్షరాలున్నాయి. ఎప్పుడో పోలీసుల మీటింగుకు తెచ్చి వేసింది, తిరిగి రాలేదు. అతన్ని మాత్రం కింద కూర్చోమన్నారు.

"ఏ ధర్నా చూసినా నీ నంబరే ఉందిరా," అన్నాడు సీఐ, ట్యాబ్‌లోంచి తలెత్తకుండా. "అందరికంటే ముందు నువ్వొస్తావు. అందరూ పోయాక పోతావు. లీడర్లంతా నీకే ఫోన్లు చేస్తారు. నాయకుడివి కాకపోతే ఎవడివిరా నువ్వు?"

"కర్రలు పాతేవాణ్ణండి."

పక్కనున్న రైటరు కిసుక్కున నవ్వాడు. సీఐ నవ్వలేదు. "కంప్యూటర్ అబద్ధం చెప్తదా? కాన్వాయ్ వెళ్లిందాకా ఇక్కడే ఉండు."

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నారట. ధర్నా చౌక్ సెల్‌టవరు కిందికి ఎవరెవరి ఫోన్లు వచ్చాయని పోలీసులు అడగడం, ఫోను కంపెనీ మారు మాట్లాడకుండా నంబర్లన్నీ తీసి ఇవ్వడం! ఎందుకని కంపెనీ అడగలేదు, ఇచ్చామని అంతోనికి చెప్పలేదు. సిమ్ము కొన్ననాడు ఆ కంపెనీకే అతను అరిగిపోయిన వేలు పదిసార్లు నొక్కి ముద్రిచ్చాడు, మొహం చూపించాడు. అద్దెకిచ్చిన కుర్చీ ఎప్పటికైనా తిరిగొస్తుందేమో కానీ, అలా ఇచ్చింది తిరిగొస్తుందా? ధర్నాల్లో ఎండకు తాళలేక అతని షామియానా కిందికే చేరే పోలీసులు, ఆ నీడనిచ్చినవాణ్ణే లెక్కలో రాసుకున్నారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

"సార్, మా ఆవిడకి రక్తం తేవాలండి. అదిగో సీసా. నా మాట నమ్మకపోతే ఆ కంపెనీనే అడగండి. నెల నుంచి రాత్రిళ్లు నా ఫోను ఎక్కడుంటందో అడగండి. ఆస్పత్రిలోనే ఉంటదండి."

"అది మాకనవసరం. మేమడిగింది ధర్నా చౌక్ టవరు ఒక్కటే."

"పోనీ ఆ సీసా ఎవరితోనన్నా పంపండి సార్. మీ కాళ్లు పట్టుకుంటా."

"మావాళ్లంతా బందోబస్తులో ఉన్నారు."

ఉన్నారు మరి. బందరు రోడ్డు మీద, శౌరమ్మ కుట్టిన గుడ్డ కింద, అంతోని మోసిన కుర్చీల్లో కూర్చుని ఉన్నారు.

కాన్వాయ్ ఆలస్యమైంది. మధ్యాహ్నం దాటింది. అంతోని కూర్చున్నచోటు నుంచి సీసా వైపే చూస్తూ ఉన్నాడు. ఒకసారి లేచి తలుపు దాకా వెళ్తే, సెంట్రీ భుజం పట్టి వెనక్కి నెట్టాడు. అరిచాడు కూడా. జన్మలో ఎవరి మీదా అరవనివాడు, "మనిషి పోతందయ్యా!" అని గొంతు పగిలేలా అరిచాడు. నోరు ముయ్యమన్నారు.

ఎండ దిగాక సైరన్లు మోగుతూ వెళ్లిపోయాయి. పవన్‌కుమార్ వచ్చి, మొహం చూడలేక కిందికి చూస్తూ ఫోను ఆన్ చేసి ఇచ్చాడు. "పో బాబాయ్. తొందరగా పో."

అంతలోనే ఫోను మోగింది. అమలమ్మ.

"ఎన్నిసార్లు చేశానయ్యా... నీకోసం గుమ్మం వైపే చూసింది. ఇందాకే ప్రభువు పిలుచుకున్నాడు."

అంతోని ఫోను చెవి దగ్గర నుంచి దించాడు. లోపలి నుంచి సీఐ కేకేశాడు. "ఒరేయ్, నంబరు మార్చకు. ఫోను ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచు. మళ్లీ పిలుస్తాం."

అంతోని సీసా తీసి జేబులో పెట్టుకున్నాడు. జపమాల చేతికి చుట్టుకున్నాడు. ఫోను కుర్చీలో పెట్టాడు.

"బాబాయ్, ఫోను!" అన్నాడు పవన్‌కుమార్.

"మీ దగ్గరే ఉంచుకోండి. మీకు కావాల్సింది అదేగా."

మెట్లు దిగి ఆస్పత్రి వైపు నడిచాడు. టెంట్‌హౌస్ కుర్చీలో ఆ ఫోను వెలుగుతూనే ఉంది, అంతోని ఇంకా పోలీసు స్టేషన్లోనే ఉన్నాడని కంపెనీకి చెబుతూ.