గంటా ఇరవై ఐదు నిమిషాల దారి

టికెట్ల గుమస్తా తొమ్మిదేళ్లుగా కిటికీ వెనక ఒకటే పాట పాడుతోంది: "ఆ ఊరికి విమానంలో గంటా ఇరవై ఐదు నిమిషాలండీ. రోడ్డున కొండలు చుట్టుకుని వెళ్తే పద్నాలుగు గంటలు." గోడ మీది పట్టికలో అలాగే ఉంది, ఆమెకీ అలాగే నోటికొచ్చేసింది. ఆ సాయంత్రం నాలుగున్నరకి ఆ పట్టికే ఆమె పీక మీదికి వచ్చింది.

ఆ ఊళ్లో ఉన్న ఆమె చెల్లెలికి కాన్పయింది. బిడ్డ క్షేమమే, తల్లికే రక్తం ఆగడం లేదు. రాత్రి ఎనిమిదిలోగా రక్తం ఎక్కించకపోతే దక్కదని ఆసుపత్రి నుంచి ఫోన్. అదేమో దొరకని గ్రూపు. ఉన్నది అక్క ఒంట్లోనే.

విమానం ఉంది, పైలట్ ఉన్నాడు. మేనేజరు మాత్రం గడియారం చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఐదూ నలభై ఐదు దాటితే చీకటి, అక్కడ దిగకూడదమ్మా. పట్టిక ప్రకారం నువ్వు చేరేసరికి ఆరు దాటుతుంది. నేను సంతకం పెట్టలేను."

"ఈయన రోజూ అరగంట ముందే దిగుతున్నారు కద సార్!"

"అది ఆయన చేతి మహిమ. మహిమల మీద రూలు నడవదు."

పైలట్ మీసం సవరించుకున్నాడు. రెండు ఊళ్లలోనూ ఆయన్ని సుడిగాలి అంటారు. హోటల్లో మొదటి టీ ఆయనకే.

ఏడిస్తే పనులు కావని ఆమెకి తెలుసు. గోడ మీది పటం పీకి బల్ల మీద పరిచింది. పార్శిల్ దారం తెంపి, విమానం దారి చూపే గీత వెంట పెట్టి కొలిచింది. గీత తిన్నగా లేదు, నది ఒడ్డు ఊరి మీదుగా వంకర తిరిగింది. ఒకప్పుడు అక్కడ పావుగంట ఆగి ఉత్తరాల సంచి దింపేవారు. అక్కడి రన్‌వేని నది మింగేసి ఆరేళ్లయింది. ఆగడం మానేశారు గానీ, పట్టిక మార్చాలన్న బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు, ఆమెతో సహా.

"వంకర దారిన రెండు వందల ఎనభై కిలోమీటర్లు సార్, గంటా పది నిమిషాలు. ఆగే పావుగంట కలిపితే పట్టిక లెక్క. తిన్నగా అయితే రెండు వందల ఇరవయ్యే. అంటే యాభై ఐదు నిమిషాలు." ఆమె పైలట్ వైపు తిరిగింది. "అన్నా, మీరు నిజంగా అంత వేగంగా నడుపుతారా? నా చెల్లెలి మీద ఒట్టేసి చెప్పండి."

ఆయన మీసం మీంచి చెయ్యి దించాడు. ఆరేళ్లుగా సంపాదించిన పేరు ఒక్క మాటతో మట్టిలో కలుస్తుంది.

"లేదమ్మా," అన్నాడు చివరికి. "మామూలుగానే నడుపుతా. దారే దగ్గర. జనం పొగుడుతుంటే నోరు రాలేదు."

"ఆ మాటే కాగితం మీద రాయండి."

రాశాడు. మేనేజరు రెండుసార్లు చదివి, గొణుక్కుంటూ సంతకం గీకాడు. నాలుగూ నలభై ఎనిమిదికి విమానం లేచింది. దారంతా ఆమె కొండల్ని చూడలేదు, చేతి గడియారాన్నే చూసింది. ఐదూ నలభై మూడుకి చక్రాలు నేల తాకాయి.

ఆసుపత్రిలో చెల్లెలు కాగితంలా పాలిపోయి ఉంది. అలికిడికి కళ్లు తెరిచింది.

"అక్కా... అంత దూరం నుంచి ఎలా వచ్చావే?"

"దూరమేం లేదే పిచ్చిదానా," అంటూ అక్క పక్క మంచం మీద వాలి, చేతిని నర్సు ముందుకి చాపింది. "తీసుకోండమ్మా. ఎంత కావాలంటే అంత."